ముందు పుక్కిలించు సామీ

మీరు చూసిన సంబంధం వద్దని మీ కొడుకు ఇంకొక పిల్లను ఇష్టపడితే, ఆ ఇష్టం వాడి మనసులోనే పుట్టిందని ఒప్పుకుంటారా, లేక ఆ పిల్ల చేతి అన్నంలో వెతుకుతారా? తొందరపడి జవాబు చెప్పకండి. పత్రికలు తెప్పించుకునేవాళ్ళు, సభల్లో నా పక్కన కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా సంగతి సొంత ఇంటిదాకా వచ్చేసరికి అన్నంలోనే వెతకడం నేను చూశాను.

పోయిన వారం కడప బస్టాండు దగ్గర ఒక రేకు బోర్డు కనబడింది. ‘ఇచ్చట పెట్టుడు మందు తీయబడును. పరగడుపున రావలెను.’ దాని కింద నాపబండ అరుగు మీద జనం వరసగా కూర్చున్నారు. పెట్టుడు మందు అంటే మన జిల్లాలవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెబుతాను: మనిషిని వశం చేసుకోవడానికి అన్నంలోనో తాంబూలంలోనో కలిపి పెడతారని నమ్మే మందు. అది కడుపులో ముద్దగా కరుచుకుని ఉంటుందట, దాన్ని బయటికి లాగే ఘనులుంటారట. ఆ వరసలో ఒక ముసలాయన కొడుకును రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు. కాస్త ఎడంగా ఒక పిల్ల, బహుశా కోడలు, తల వంచుకుని నిలబడి ఉంది. ఆమె వంక ఎవరూ చూడడం లేదు.

నాకు వెంటనే మాయలాడి గుర్తొచ్చాడు.

అతను చనిపోయి నెల కాలేదు. అతని పేరు రాయను. కర్నూల్లో అతన్ని పేరు పెట్టి పిలిచింది అతని అక్క ఒక్కతే. మిగతా ఊరికి వేషం పేరే మనిషి పేరు. పగలంతా పాతబస్తీలో దూది ఏకేవాడు. కనుబొమ్మల మీద, మీసం మీద దూదిపింజలు అంటుకుని, నలభై ఏళ్ళకే నెరిసినట్టు కనిపించేవాడు. చివరికి ఆ దూది దుమ్మే అతని ఊపిరి తీసింది. ఎవరైనా వచ్చి “ఏమప్పా మాయలాడీ, నా బొంత యాడికొచ్చె?” అని అడిగితే, చేతిలోని విల్లు నారిని ఒక్కసారి టుంగుమనిపించి, “వలపు కలిపి కుడతాండా, ఆలస్యమైతాది” అనేవాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న రోజుల్లో, మేము కొందరం కలిసి ఒక నాటక సమాజం పెట్టుకున్నాం. గుమాస్తాలు, పంతుళ్ళు, ఒక కంసాలి, ఈ దూదేకుల మనిషి. నేను తెర వెనుక మాట అందించేవాణ్ణి. మాకు పేరు తెచ్చిన ఆట ఒక్కటే, ఒక పాత ప్రహసనం. అందులో మాయలాడి అనే పరిచారిక, అదే ఇతని వేషం, వలపు మందు పెట్టి తాంబూలం చుడుతుంది. అది తిన్నవాడు ముందు ఎవరి మొహం చూస్తే వాళ్ళమీద మనసు పడతాడు. యువరాజుకు పోవలసిన తాంబూలం మంత్రి నోట్లోకి పోతుంది, మంత్రి ముసలి దాది కాళ్ళమీద పడతాడు. ఇంకో తాంబూలం తిన్న సేనాధిపతి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా రాజుగారు. ఆయన మీసాల మీద సేనాధిపతి పద్యం చదివే రంగం వచ్చిందంటే ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. ఆఖరికి మాయలాడి విరుగుడు పెట్టి ఎవరి మనసులు వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తుంది.

అతని బుగ్గలో ఎప్పుడూ ఒక వక్క ఉండేది. దాన్ని ఈ దవడ నుంచి ఆ దవడకు నెడుతూ పేజీ పొడుగు సంభాషణ తడబడకుండా చెప్పేవాడు. వక్క ఏ పక్కనుందో కనుక్కోమని పందెం కట్టేవాడు, ఎవరూ కనుక్కోలేకపోయేవాళ్ళు. “నోరు ఇల్లంత పెద్దదప్పా. సామాను సర్దుకునేది తెలియల్ల.” నేను తెర వెనుక నుంచి మాట అందిస్తే జనం ముందే నావైపు తిరిగి, “ఆ మాట నాకొద్దు, పాతదైంది” అనేవాడు. జనం అది కూడా ఆటలో భాగమనుకునేవాళ్ళు.

మనిషి పగబట్టాడంటే వదిలేవాడు కాదు. తగువు వస్తే ఎదురు మాట అనడు. కళ్ళు చికిలించి, ఎదుటివాడి నడకను, దగ్గును, వీపు గోక్కోవడాన్ని చూస్తూ నిలబడతాడు. మా వీధి హోటలాయన ఇతనికి టీ గ్లాసు వేరే పెట్టాడు. ఇతను తాగినదాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుక తోక పట్టుకున్నట్టు ఎత్తి దూరంగా పెట్టేవాడు. తరువాతి ఆటలో మాయలాడి రాజుగారు ఇచ్చిన ప్రతి బహుమానాన్నీ సరిగ్గా ఆ రెండు వేళ్ళతో ఎత్తింది. జనంతోపాటు హోటలాయన కూడా పడి పడి నవ్వాడు. నడుమ ఎక్కడో ఆగిపోయాడు. మర్నాటి నుంచి అందరికీ ఒకే గ్లాసులు.

“మనిషిని మార్చాలి గాని ఈ పగలేమిటి?” అని ఒకసారి మందలించాను.

“నువ్వు మార్చప్పా. నేను కొడతా. ఎవురిది ముందైతాదో చూస్తాం,” అన్నాడు. ఆ తరువాత వక్కను అవతలి దవడకు నెట్టి, “కొడితే నవ్విచ్చి కొట్టల్ల. ఆ దెబ్బకు యాడా మందు దొరకదు” అన్నాడు.

ఆ పగల వెనక అతని అక్క ఉంది. ఆమెను నంద్యాల వైపు ఒక ఊరికి ఇచ్చారు. మొగుడు ఆమె మాట వినేవాడు. ఆమె నేరం అంతే. కొడుకు పెళ్ళాం మాట వింటున్నాడంటే మందు పెట్టిందని అత్త తేల్చింది. మందు తీసే సామిని పిలిపించారు. వీళ్ళు తురకలు, ఆయన విభూతి పూసుకున్నవాడు. ఆ వ్యాపారానికి మతం అడ్డం రాదు. సామి ఆమె మొగుడి కడుపు మీద గొట్టం పెట్టి పీల్చి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ముద్ద ఒకటి పళ్ళెంలోకి ఉమ్మాడు. ఆమెను ఆ రోజే పుట్టింటికి తోలేశారు.

అప్పటినుంచి ఆమె ఎవరికీ తన చేత్తో అన్నం పెట్టలేదు. వండేది, కుండ దించేది, గంటె పక్కన పెట్టి గోడ వైపు తిరిగి కూర్చునేది. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోవాలి. ఆట ఉన్న రోజు మాత్రం తమ్ముడు ఆమె ఎదురుగా బాసిపట్లు వేసుకుని కూర్చుని నోరు తెరిచేవాడు.

“పెట్టు.”

“వద్దురా. ఈ చెయ్యి మంచిది గాదంటారు.”

“అందుకే పెట్టమంటాండా. నీ మందు పడకుంటే నాకు మాట రాదు.”

ఆమె కొంచెం సంగటి ముద్ద చేసి అతని నోట్లో పెట్టి, వెంటనే లేచిపోయి చేయి కడుక్కునేది. ఆ చేయి కడుక్కోవడం నేను చూశాను. సంస్కారం, సంప్రదాయం అని మీసాలు దువ్వుకుంటూ నాతో వాదానికి వచ్చేవాళ్ళందరినీ ఆ గుడిసె ముందు నిలబెట్టి దాన్ని చూపించాలనిపించేది.

ఒకసారి కె.సి. కాలువ కింద ఒక ఊళ్ళో తిరుణాలకు మా ఆట పెట్టించారు. మేము పొద్దున్నే బస్సు దిగేసరికి చావడి ముందు ఊరంతా గుమిగూడి ఉంది. సంగతి ఇది. ఆ ఊరి మునసబు కొడుకు, తండ్రి తెచ్చిన సంబంధం కాదని, బడి పంతులమ్మను చేసుకుంటానన్నాడు. ఆమె పై ఊరి పిల్ల, వేరే కులం. జెండా పండుగ రోజు ఆమె పెద్ద గంగాళం నిండా బొరుగుల ఉగ్గాని చేసి పిల్లలకూ పెద్దలకూ పెట్టింది. అదుగో, అందులో మందు పెట్టిందని మునసబు తీర్మానించాడు. సామి వచ్చాడు. కొడుకు చొక్కా విప్పి నాపబండ మీద వెల్లకిలా పడుకున్నాడు. పంతులమ్మను ఎదురుగా నిలబెట్టారు.

“ఏమ్మా, నా కొడుక్కి ఉగ్గానిలో ఏం కలిపితివి?” అన్నాడు మునసబు.

“ఉప్పు, పసుపు, పచ్చిమిరపకాయ. ఆ గంగాళంలోది ఊరంతా తినింది. ఊరంతా నన్ను చేసుకుంటానంటాందా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మునసబు తల తిప్పేసరికి ఆ నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

సామి మంత్రాలు చదివాడు, గద్దించాడు, కొడుకుతో ఏదో పసరు తాగించాడు. తుండుతో మూతి తుడుచుకున్నాడు. ఇత్తడి గొట్టం ఒక కొన బొడ్డు మీద పెట్టి రెండో కొన నోట్లో పెట్టుకుని పీల్చాడు. పళ్ళెంలోకి ఉమ్మితే నల్లటి ముద్ద పడింది. జనం ‘అయ్యయ్యో’ అన్నారు.

“వేరు ఇంకా లోపలే ఉండాది. రేపు పరగడుపున మళ్ళీ పీకల్ల,” అన్నాడు సామి.

మునసబు పంతులమ్మతో, “రేపు వేరు తీసినాక బండి కట్టిస్తా, పెట్టె సర్దుకో. నిన్ను యా ఊరి బడిలో ఏసినా ఈ సంగతి నీకంటే ముందు పోతాది” అన్నాడు.

నేను ముందుకు దూకాను. కడుపులోకి పోయింది బొడ్డులోంచి ఎట్లా వస్తుందని అడిగాను. నాకు తెలిసిన శరీరశాస్త్రమంతా చెప్పాను. “కూర్చోప్పా పట్నమాయన, నీ కడుపులో ఏముండాదో నీకు తెల్సా?” అని ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వినవాళ్ళు ఆ ముద్దను చూసి నవ్వలేదు.

మాయలాడి నన్ను రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. అతని బుగ్గలో వక్క కదలడం లేదు.

“మూతి తుడుచుకున్నాక ఒక్క మాటన్నా మాట్లాడినాడా వాడు?”

ఆలోచించాను. లేదు.

“తుండులో నుంచి దవడలోకి పోతాది ముద్ద. అదే మనిషి, అప్పా. మా బావను పండబెట్టిన పొద్దు నేను పక్కనే ఉండా. తుండు మారింది, మూతి అదే.” వక్కను మళ్ళీ కదిలించి, “నీ వాదం నీ దగ్గరే పెట్టుకో. సాయంత్రం ఆటుండాది గదా” అన్నాడు.

పొద్దు గుంకినాక పెట్రోమాక్సులు వెలిగించి ఆట మొదలుపెట్టాం. ముందు వరసలో కుర్చీల మీద మునసబు, పక్కనే సామి. తాంబూలాలు తారుమారయ్యాయి, మంత్రి దాది కాళ్ళు పట్టుకున్నాడు, సేనాధిపతి రాజుగారి మీసాలు నిమిరాడు. సామి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక విరుగుడు రంగం. మామూలుగా మాయలాడి ఒక పువ్వు వాసన చూపించి అందరికీ నయం చేస్తుంది. ఆ రోజు పువ్వు రాలేదు. మాయలాడి భుజాన తుండుతో, చేతిలో వెదురు గొట్టంతో వచ్చింది. నేను తెర వెనుక పుస్తకం మూసేశాను.

మంత్రిని పడుకోబెట్టింది. మంత్రం చదివింది. తుండుతో మూతిని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తీరిగ్గా తుడుచుకుంది. ఆ తరువాత మాట లేదు. సైగలే. గొట్టం పెట్టి పీల్చి పళ్ళెంలోకి ఉమ్మితే వక్క పడింది. సేనాధిపతి వంతు. మూతి తుడుపు. ఈసారి వెల్లుల్లిపాయ. జనం మూతి తుడుచుకోవడానికే నవ్వడం మొదలుపెట్టారు. చివరికి రాజుగారు. ఆయన బొడ్డులోంచి దూదిపోగు బయలుదేరింది. మాయలాడి నోట్లోంచి లాగుతూ ఉంది, అది వస్తూ ఉంది, రంగం ఈ కొన నుంచి ఆ కొనకు పరిచినా తెగలేదు. “రాజు కడుపులో బొంత ఉండాది రోయ్!” అని ఎవరో అరిచారు.

అప్పుడు మాయలాడి రంగం అంచుకు వచ్చి నిలబడింది. సామి వైపు చూడలేదు. ఆడవాళ్ళు కూర్చున్న వైపు తిరిగి, “అమ్మా, మందు తీసేటోడు వస్తే ముందు వాన్ని పుక్కిలించమనండి” అని తెర దించమంది.

ఆ రోజు నేను జనాన్ని చూశాను. నవ్వారు, ఇళ్ళకు పోయారు. సాయంత్రం నవ్విన దాన్నే పొద్దున నమ్మడం మనకు అలవాటు. అందుకే మర్నాడు చావడి దగ్గరికి భయంభయంగానే వెళ్ళాను.

కొడుకు మళ్ళీ చొక్కా విప్పి పడుకున్నాడు. పంతులమ్మ పెట్టె పక్కన పెట్టుకుని నిలబడింది. మాయలాడి కళ్ళకు రాత్రి కాటుక ఇంకా పోలేదు. చేతులు కట్టుకుని ఒక మూలన ఉన్నాడు. సామి మంత్రం చదివి, అలవాటు కొద్దీ తుండు తీసి మూతి తుడుచుకున్నాడు.

ఒక చిన్న పిల్ల పకపకా నవ్వింది. ఆ వెనక ఇంకెవరో. నవ్వు చావడి చుట్టూ తిరిగింది. జనంలోంచి ఒక ముసలవ్వ చెంబు పట్టుకుని లేచింది.

“సామీ, ముందు పుక్కిలించు.”

సామి తల అడ్డంగా ఊపాడు.

“నీళ్ళేలే సామీ, కాలవ నీళ్ళు. మందు కలపల్యా.”

సామి చేత్తో సైగ చేశాడు.

“మాట్లాడు సామీ! నిన్న మంత్రాలు శానా బాగా చదివితివి గదా!”

ఇంకో చెంబు లేచింది. ఇంకోటి. మునసబు కూడా, పాపం, తన సామి పరువు నిలపాలనుకుని, “పుక్కిలించేస్తే పోతాది గదా సామీ” అన్నాడు. దాంతో సామికి దారి మూసుకుపోయింది. కళ్ళు తేలేశాడు. గొంతు ముడి ఒకసారి పైకి లేచి, కష్టపడి కిందికి దిగింది.

ముద్దను మింగేశాడు.

మాయలాడి ఆ క్షణం కోసమే పుట్టినట్టు మూలలోంచి కేక పెట్టాడు. “అయ్యో! సామి మందు మింగినాడమ్మో! ముందు ఎవురి మొహం చూస్తాడో ఏమో, దాక్కోండి!”

ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు, మగవాళ్ళు తువ్వాళ్ళు కప్పుకున్నారు, పిల్లలు బండల చాటుకు పరుగెత్తారు. కళ్ళలో నీళ్ళతో దగ్గుతూ సామి తల ఎత్తేసరికి, ఎదురుగా మొహం కప్పుకోని మనిషి ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. మునసబు.

“పడిపాయ! మునసబయ్య మీద పడిపాయ మనసు!”

ఆ నవ్వును ఏమని రాయను? కాలువ గట్టు మీద గొర్రెలు బెదిరాయి. సామి గొట్టం కూడా తీసుకోకుండా పోయాడు. ఆ తరువాత ఎన్నాళ్ళో మునసబు ఏ అరుగెక్కినా ఎవరో ఒకరు, “సామి బాగుండాడా అయ్యా?” అని ఎంతో మర్యాదగా అడిగేవాళ్ళట. ఆ మనిషి పంతులమ్మ గురించి మళ్ళీ నోరెత్తలేదు. ఆమె పెట్టె తీసుకుని బడిలోకి పోయి గంట కొట్టింది.

నేను సంతోషంతో ఉన్నాను, కథ పెళ్ళితో ముగుస్తుందనుకున్నాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మునసబు కొడుకు బడి గడప దగ్గరికి వచ్చాడు. “అంతా అయిపాయ గదా. ఇంక మనం...” అన్నాడు.

పంతులమ్మ అతన్ని ఆపింది. “రెండు పొద్దులు చొక్కా విప్పుకోని పండుకుంటివి. ‘ఇష్టం నాది, నాకెవురూ పెట్టలేదు’ అని ఒక్క మాట రాల్యా నీకు. సామి నోట్లో ముద్ద ఉండె, మాట్లాడల్యాకపాయె. నీ నోట్లో ఏముండె?”

అని పిల్లల వైపు తిరిగి ఎక్కం చెప్పించడం మొదలుపెట్టింది.

మాయలాడిది బస్సు ఎక్కినప్పటి నుంచి అదే మాట. “ఇట్లాంటి మాట ఒక్కటన్నా నాకు అందిస్తివా నువ్వు, ఇన్నేళ్ళకు? ‘నీ నోట్లో ఏముండె?’ అబ్బా!” తను చేసిందాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. కర్నూల్లో బస్సు దిగగానే నన్ను కూడా ఇంటికి రమ్మన్నాడు.

అక్క కుండ దించి, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఇతను ఆమె వీపుతోనే చెప్పాడు. తుండు, చెంబులు, ముసలవ్వ, మింగడం. ఆమె కదలకుండా విన్నది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

“మింగేటప్పుడు ఎట్ల పెట్నాడు మొగం?”

అతను లేచి ఆమె ముందుకు పోయి కూర్చుని, ఆ మొహం పెట్టి చూపించాడు. కళ్ళు తేలేసి, గొంతు ముడి ఎగేసి, దించి. ఆమె చూసింది. “ఇంకోసారి పెట్టు” అంది. పెట్టాడు. “ఇంకోసారి.” అతను ఎన్నిసార్లు పెట్టాడో, ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఎంతసేపు నవ్విందో నేను లెక్కపెట్టలేదు. తరువాత ఆమె గంటె తీసుకుంది. నా ముందు పళ్ళెం పెట్టి సంగటి వడ్డించింది. చేయి కడుక్కోలేదు.

“తింటావా అప్పా?”

తిన్నాను. ఆ అన్నంలో ఏముందో నాకు తెలుసు. ఒక ఆడమనిషి జీవితంలోంచి పీల్చేసిన ఏళ్ళున్నాయి. వాటిని ఏ సామీ ఉమ్మి వెనక్కి ఇవ్వలేడు. కాబట్టి పెద్దమనసు చేసుకోండని, పాతవి మరిచిపొమ్మని నాతో అనకండి. మాయలాడి మరిచిపోలేదు, నేనూ మరిచిపోను.

అతను ఇప్పుడు లేడు. బోర్డు ఉంది. కడప బస్టాండు దగ్గర, అరుగు మీద వరస ఉంది, ఎడంగా తల వంచుకున్న ఆ పిల్ల ఉంది. మీరు ఇది చదివి నవ్వి పత్రిక మడిచి పెట్టేస్తే, మాయలాడి మీ రెండు వేళ్ళ పట్టును, మీ దగ్గును, మీ నడకను ఎక్కడి నుంచో చూస్తూనే ఉంటాడనుకోండి. రేపు పరగడుపున లేవండి. ఒక చెంబు నిండా నీళ్ళు తీసుకోండి. ఆ అరుగు దగ్గరికి పోయి, ఆ పిల్ల పక్కన నిలబడండి. ఆ మందు తీసేవాడు తుండుతో మూతి తుడుచుకునేదాకా ఆగండి. అప్పుడు చెంబు అతని చేతికిచ్చి, ఊరంతా వినేటట్టు అడగండి:

“ముందు పుక్కిలించు సామీ.”